ఎన్నో మెట్టు దాకా

మొదటి చినుకు బస్సు అద్దం మీద పడ్డప్పుడు వెనక నలభైమంది ఉసూరుమన్నారు, నేనొక్కదాన్నే నవ్వాను. గొడుగు తేనివాళ్ళు, బట్టలు ఆరేసి వచ్చినవాళ్ళు, కొత్త బూట్లు తొడుక్కున్నవాళ్ళు, అందరి గొణుగుడూ నా వీపుకు తగులుతూనే ఉంది, అయినా నవ్వు ఆగడం లేదు, ఇరవై రెండు రోజులుగా ఈ చినుకు కోసం ఆకాశం వంక చూసి చూసి నా మెడ పట్టేసింది మరి. డిపోలో బస్సు అప్పగించి, రిజిస్టర్లో సంతకం గిలికి, "ఇంత వానలో ఎక్కడికక్కా" అని అడిగిన కండక్టరమ్మాయికి "ఇల్లు చూడ్డానికి" అని చెప్పి, యూనిఫాం మీదే రెయిన్‌కోటు తగిలించుకుని పరుగెత్తాను. ఇల్లు చూడ్డానికి ఎండ రోజు వెళ్తారు గాని వాన రోజు వెళ్తారా అని ఆ పిల్ల నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. ఇప్పుడు నాలుగున్నర. ఖాళీ ఇంట్లో, వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి ఎదురుగా, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాను. గుమ్మం దిగితే ఐదు మెట్లు, మెట్ల కింద నాలుగడుగుల వాకిలి, ఆ తర్వాత ఇనప గేటు, గేటు అవతల వీధి. ఆరింటికల్లా కొంటామో లేదో చెప్పాలి, చెప్పకపోతే ఇంకొకరు పెన్ను తీసి సిద్ధంగా ఉన్నారు. నీళ్ళు వస్తాయని నాకు తెలుసు. ఎన్నో మెట్టు దాకా వస్తాయో చూడ్డానికే వచ్చాను.

ఇల్లు అమ్ముతున్నది కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. దుకాణం మూసేసి పై ఊళ్ళో ఉన్న అక్కగారి దగ్గరికి వెళ్ళిపోతున్నారు, ముసలితనంలో ఒకళ్ళకొకళ్ళు తోడుగా ఉంటారని. మొదటిసారి మేం వచ్చినప్పుడు మా ఆయన లోపల అడుగు పెట్టకముందే "నీళ్ళొస్తాయాండీ" అని అడిగాడు. ఆయన పాపం కుళాయి సంగతనుకుని "పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి, ధార కూడా బాగుంటుంది" అన్నారు. "ఆ నీళ్ళు కాదండీ" అన్నాడు మా ఆయన. అప్పుడాయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మా ఆయన మొహంలోకి చూశారు. "వాన గట్టిగా కురిస్తే వస్తాయి. మెట్ల దాకా." ఎన్నో మెట్టు దాకా అని నేనడిగాను. "నేను అమ్మేవాణ్ణమ్మా, నేనేం చెప్పినా మీకు నమ్మబుద్ధి కాదు. తాళం ఇస్తాను, కుర్చీ వదిలేస్తాను, వాన పడ్డ రోజు వచ్చి కూర్చుని మీరే చూసుకోండి." ఇన్ని ఇళ్ళు చూశాం గాని అలా అన్న మనిషి ఈయనొక్కడే. ఆ మాట విన్న నిమిషంలోనే నాకీ ఇల్లు సగం నచ్చేసింది, మిగతా సగం వాన చేతిలో పెట్టాను.

మమ్మల్ని తీసుకొచ్చిన బ్రోకర్‌కి మాత్రం ఆ మాటకి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆయనకి మా ఇంట్లో పెట్టిన పేరు పర్లేదండీ గారు. గోడ పగిలింది కదండీ అంటే పర్లేదండీ, దారి ఇరుకు కదండీ అంటే పర్లేదండీ, ఈ కొండ నిరుడు జారిందట కదండీ అంటే, "అంతా జారలేదు, పర్లేదండీ." ఏడాదిన్నరగా మమ్మల్ని స్కూటర్ వెనక తిప్పి తిప్పి ఆయన టైర్లు అరిగాయి, మా ఆయన అనుమానం మాత్రం వెంట్రుకవాసి అరగలేదు. కొండ వాలులో ఇల్లు చూపిస్తే మట్టి జారుతుందన్నాడు. ఏడో అంతస్తులో ఫ్లాటు చూపిస్తే, అక్కణ్ణుంచి ఊరంతా పటం పరిచినట్టు కనిపిస్తోంటే, ఈయన గోడకి చెయ్యి ఆనించి "భూమి ఊగితే ముందు ఊగేది పైవాడే" అన్నాడు. ఊరి చివర చుట్టూ గడ్డి ఉన్న చోట ఎండాకాలం నిప్పంటుకుంటుందన్నాడు, సముద్రం పక్కన గాలి కప్పు లేపుతుందన్నాడు, ఇవేవీ లేని చోట ఒకటి చూపిస్తే, "ఇక్కడేదో మనకి తెలియనిది ఉంటుంది" అన్నాడు. మా అమ్మాయి వాళ్ళ నాన్నకి వాతావరణ శాఖ అని పేరు పెట్టింది. వాతావరణ శాఖ గారూ అన్నానికి రండి, వాతావరణ శాఖ గారూ కళ్ళజోడు ఎక్కడ పెట్టారు. ఆయన నవ్వుతాడు గాని తగ్గడు.

వాన ఇప్పుడు గొంతు పెంచింది. ఖాళీ ఇంట్లో వాన చప్పుడు వేరుగా ఉంటుంది, మంచాలూ బట్టలూ లేకపోతే చప్పుడుకి కూర్చునే చోటు దొరక్క గదులన్నీ తిరుగుతుంది, నాకూ కూర్చోబుద్ధి కాక దాని వెనకే తిరిగాను. వంటగది కిటికీ అవతల పక్కింటి రేకుల కింద ఒక పిల్లి తోక చుట్టూ చుట్టుకుని, ఈ ఇంటి కాపురస్తురాలు తనే అన్నట్టు నా వంక చూసింది. పడగ్గదిలో కిటికీ గడియ బిగువు, దాన్ని కాస్త నూనెతో దారికి తేవచ్చు. స్విచ్ బోర్డులు బాగా కింద ఉన్నాయి, వాటిని రొమ్ము ఎత్తుకి లేపించాలి. లేపించాలి అనుకుంటున్నానంటే కొనేశానా ఏమిటి నేను, మెట్ల వంక చూడకుండానే. వెళ్ళి చూశాను. వాకిలి తడిసి మెరుస్తోంది, మెట్లు వాన చినుకులకి తడవడమే తప్ప నీళ్ళలో లేవు. మళ్ళీ లోపలికొచ్చి పై గదికి ఎక్కాను. ఈ గది సంగతి మా ఆయనకి తెలియదు. రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ కిందనే ఉండిపోయాడు, ఆయన ఏ ఇంటికెళ్ళినా కిందకే చూస్తాడు, గోడల అడుగున చెమ్మ చారలు, తలుపు చెక్కల అడుగున ఉబ్బు, గడప కింద ఇసుక, దొంగ కోసం వెతికే పోలీసులా వంగి వంగి వెతుకుతాడు, తలెత్తి పైకి చూడడు. ఈ గదికి నిలువెత్తు కిటికీ ఉంది, రెండు రెక్కలూ తీస్తే సోఫా అడ్డంగా పట్టేంత. ఇంత వాన మబ్బులో కూడా నేల మీద వెలుతురు పరుచుకుని ఉంది. ఇరవై ఏడేళ్ళుగా ఆ మనిషి ట్యూబులైటు కింద సోఫాలకి గుడ్డలు కుడుతున్నాడు, నల్ల దారమో నీలం దారమో తేల్చుకోలేక వీధిలోకి పరుగెత్తి ఎండలో పట్టుకు చూసి వస్తాడు. ఇక్కడైతే లేవనవసరం లేదు. ఆ మాట ఆయనతో చెప్పాలని రోజూ అనుకుంటాను, చెప్తే నా ఆశ చూసి తన భయం మింగేసి ఒప్పుకుంటాడేమోనని నోరు కట్టేసుకుంటాను. అలా ఒప్పించిన ఇంట్లో వాన పడ్డప్పుడల్లా ఆయన మొహం చూస్తూ నేను బతకలేను.

ఈ వీధి గురించి నాకు తెలిసింది పాదంతో తెలిసింది. ఇరవై ఆరేళ్ళు బస్సు తోలిన పాదం అది. బ్రేకు మీంచి కాలు కాస్త లేపితే బస్సు ఎటు జారుతుందో నీళ్ళూ అటే జారతాయి, ఇంతకు మించిన పటం ఎవరి దగ్గరా లేదు. మార్కెట్ స్టాపులో బస్సు కదలదు, కాబట్టి అక్కడ నీళ్ళూ కదలవు, మూడ్రోజులు నిలుస్తాయి. రైల్వే గేటు దగ్గర ముందుకు దొర్లుతుంది, ఆసుపత్రి మలుపులో వెనక్కి. ఊళ్ళో ఏ ఇల్లు పేరు చెప్పినా నా కుడికాలు ముందు జవాబు చెబుతుంది. ఈ వీధి పై చివర నుంచి కింది చివరకి చక్కని వాలు, కింద మూల మీద పెద్ద కాలువలోకి పోయే డ్రైనేజీ నోరు, దానికో ఇనప జాలీ. కింది నుంచి లెక్కపెడితే మనది మూడో ఇల్లు. మనది అన్నాను మళ్ళీ.

మొదటి మెట్టు మునిగింది. ఎప్పుడు గేటు దాటాయో చూడలేదు, తలెత్తేసరికి వాకిలి లేదు, టీ రంగు నీళ్ళు మెట్టు మీద పలచగా పొర్లుతున్నాయి, ఒక ఆకు వచ్చి మెట్టు అంచుకి తగిలి తిరిగి పోయింది. పర్లేదండీ, అనుకున్నాను, అనుకుని నవ్వొచ్చింది. ఆ రోజు కూడా నీళ్ళు ఇలాగే టీ రంగులో ఉన్నాయి, పంతొమ్మిదేళ్ళ కింద, మేం కాలువ పక్క సందులో రెండు గదుల్లో అద్దెకున్నప్పుడు. నేను మధ్యాహ్నం ట్రిప్పులో ఉన్నాను. నీళ్ళు సైలెన్సర్ దాకా వస్తే ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా పోవాలి, తీశామా ఇంజను నీళ్ళు మింగి చచ్చూరుకుంటుంది, అలా తీయకుండా పోయి పోయి ఫ్లైఓవర్ ఎక్కి నడినెత్తిన ఆపాను. వెనక యాభై రెండు మంది. అటు దిగడానికి లేదు, ఇటు దిగడానికి లేదు. ఎవరో అరటిపళ్ళ గంప ఆసామి గంప మొత్తం పంచిపెట్టాడు, ఎవరో పసిపిల్లని ఎవరెవరో ఎత్తుకున్నారు, నేను మాత్రం ఇంజను ఆపేసిన బస్సులో స్టీరింగు వదలకుండా నాలుగు గంటలు కూర్చున్నాను. వదిలితే సందులో నా ఇల్లు కొట్టుకుపోతుందనిపించింది. సాయంత్రం వాన తెరిపిచ్చాక నడుం లోతు నీళ్ళలో నడిచి ఇల్లు చేరేసరికి మా ఆయన గది మధ్యలో నిలబడి ఉన్నాడు, భుజం మీద కుట్టు మిషను తల, దాని స్టాండూ మోటారూ కింద నీళ్ళలో ఉన్నాయి, ఎవరివో సోఫా గుడ్డలు చుట్టూ తేలుతున్నాయి. నాలుగేళ్ళ పాప బీరువా మీద. నన్ను చూసి ఆయన మొదట అన్న మాట, "మిషను తడవలేదు." అని, ఆ భుజం దించకుండానే ఏడ్చాడు.

ఆ రోజు గురించి మా అమ్మాయిని అడగండి, వేరే కథ చెబుతుంది. దానికి గుర్తున్నదల్లా బీరువా మీద కూర్చోవడం, కాళ్ళూపుతుంటే ఎవరూ తిట్టకపోవడం, డబ్బాలో బిస్కెట్లన్నీ తనే తినడం, నాన్న ఏ పనీ లేకుండా పొద్దుపోయే దాకా తనకొక్కదానికే కథలు చెప్పడం. మరుసటేడు మబ్బు పట్టగానే "నాన్నా, మళ్ళీ బీరువా ఎక్కే రోజు ఎప్పుడొస్తుంది" అని అడిగింది. ఆయన లేచి బయటికెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఆ మనిషి వీధిలో గుంట నీళ్ళు కనిపిస్తే చుట్టు తిరిగి పోతాడు గాని దాటడు. ఆ పిల్లే ఇప్పుడు స్కూల్లో లెక్కల టీచరు, ఈ ఇంటి సంగతి విని నగరపాలక సంస్థ వాళ్ళ వరద పటం ఫోన్లో తెరిచి పెట్టింది. కింది రెండిళ్ళ మీద లేత నీలం రంగు, ఆ రంగు అంచు గీత సరిగ్గా ఈ ఇంటి మీంచి పోతోంది. "వంటింట్లో మునిగి పడగ్గదిలో తేలతామన్నమాట" అన్నాడు మా ఆయన. అది నూరేళ్ళకోసారి వచ్చే వరద గీత నాన్నా అంది. "నూరేళ్ళలో ఏ ఏడో చెప్పమను, ఆ ఏడు మీ పిన్ని వాళ్ళింటికెళ్దాం." అలా కాదు, ఏ ఏడైనా నూటికి ఒక వంతు, మీరు ముప్ఫై ఏళ్ళు ఉన్నారనుకో, ఒక్కసారైనా వచ్చేందుకు నాలుగింట ఒక వంతు అని కాగితం మీద వేసి చూపించింది. ఆయన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాలుగు సోఫాల్లో ఒకటి చిరుగుతుందని తెలిస్తే నేను కుడతానా?" "నువ్వు కుట్టకపోతే నలుగురూ నేల మీద కూర్చోవాలి నాన్నా." బీమా ఉంటుంది కదా అంటే, "పోయిన గుడ్డకి గుడ్డ ఇస్తారు, ఆ రోజుకి బదులు రోజు ఇస్తారా" అన్నాడు. లెక్కల టీచరు ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

రెండో మెట్టు. ఫోను మోగింది. ఆయనే, వానలో బస్సు పెద్ద కూడలిలో నిలబడిపోయిందట, వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి.

"ఎంత దాకా వచ్చాయి?"

ఒకటి అని చెప్పాలనిపించింది. నాలిక చివర దాకా వచ్చింది కూడా, పై గది కిటికీ ఒకసారి కళ్ళ ముందు మెరిసింది. కూడలి నుంచి ఆయన వచ్చేసరికి నీళ్ళు తీసినా తీయొచ్చు, ఎవరు చూశారు.

"రెండు" అన్నాను.

"ఆగాయా?"

"లేదు."

"సరే, నువ్వు అక్కడే ఉండు, వస్తున్నాను" అని పెట్టేశాడు. ఏ గొంతుతో అన్నాడో పోల్చుకోలేకపోయాను. నిజం చెప్పినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, అంతలోనే ఒళ్ళు తేలికైంది, ఇల్లు పోతే పోయింది, ఇంకో ఇరవై చూస్తాం, పర్లేదండీ గారికి కొత్త టైర్లు మేమే వేయిస్తాం. అలా అనుకుంటూనే మూడో మెట్టు వంక చూస్తున్నాను, దాని మీద నీటి పెదవి ఆనింది. ఇదేమిటి, ఇంత వాలున్న వీధిలో నీళ్ళు ఇలా ఎక్కడమేమిటి, వాలు మీద బస్సు నిలబడిందంటే చక్రం కింద ఎవరో రాయి పెట్టారన్నమాట. నా కుడికాలు తప్పు చెప్పదు. ఫోను కుర్చీ మీద పడేసి గుమ్మంలోకొచ్చాను, సరిగ్గా అప్పుడే ఈల వినిపించింది.

మామూలు ఈల కాదు, మైదానంలో పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేలా ఊదే ఈల. వాన మధ్యలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో, నెత్తిన రబ్బరు ఈత టోపీ పెట్టుకుని అరవై దాటిన ఒకావిడ నడిచొస్తోంది, చేతిలో కొక్కెం ఉన్న పొడుగు కర్ర. ఆ ఈలకి ఒక్కో తలుపూ తెరుచుకుంటోంది. మందుల షాపాయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు, ఎవరో కాలేజీ అమ్మాయి చెప్పుల్లేకుండా వచ్చింది. ఆవిడ మా గేటు ముందు ఆగి నన్ను పైనించి కిందకి చూసింది.

"మీరేనా వానలో కూర్చుని ఇల్లు చూస్తానన్నది?"

"నేనేనండీ."

"కూర్చుంటే ఏం తెలుస్తుంది, దిగండి. జాలీకి ఏదో అడ్డం పడింది."

దిగాను. చల్లటి నీళ్ళు బూట్లలోకి, సాక్సుల్లోకి, మోకాళ్ళ దాకా, అబ్బ, పంతొమ్మిదేళ్ళుగా ఆయనకి తోడుగా నేనూ గుంటలు చుట్టు తిరుగుతున్నానని అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఈత నేర్పిందట, వీధిలో అందరూ ఈల మేడం అంటారట, నడుస్తూనే మందుల షాపాయన చెప్పాడు. మూల దగ్గర నీళ్ళు గుండ్రంగా తిరగాలి, తిరగడం లేదు, చెరువులా నిలబడ్డాయి. ఈల మేడం కర్ర దించి లాగితే కొక్కేనికి పసుపుపచ్చటి ముక్క ఒకటి చిరిగి వచ్చింది, ఇంకోసారి లాగితే ఇంకో ముక్క. మెత్తగా, ఉబ్బి, జారుతూ. ఎవరో పాత సోఫా మెత్త వీధిలో పారేశారు, అది వచ్చి జాలీ నోట్లో కూరుకుపోయింది. నేను రెయిన్‌కోటు చేతులు పైకి మడిచి వంగాను, నీళ్ళు గడ్డానికి తగిలాయి, రెండు చేతులా పట్టి లాగితే పిడికెడు వస్తుంది, మిగతాది అలాగే ఉంటుంది. "లాగండి, లాగండి" అని అందరూ అంటున్నారు, అందరం లాగుతున్నాం, అందరి చేతుల్లోనూ పిడికెళ్ళే మిగులుతున్నాయి, కాలేజీ అమ్మాయికి నవ్వు పుట్టింది, అది చూసి నాకు పుట్టింది, నవ్వుతుంటే పట్టు జారి వెనక్కి కూలబడ్డాను, మెడ దాకా నీళ్ళు.

"ఫోను ఎత్తవేం?"

తల తిప్పి చూస్తే మా ఆయన. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, నీళ్ళలో నిలబడి ఉన్నాడు. కూడలి నుంచి నడిచొచ్చాడు, దారి పొడుగునా నీళ్ళే, ఇక చుట్టు తిరగడానికి చోటెక్కడుంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఎన్నిసార్లు చేశాడో, కుర్చీ మీద ఫోను ఎన్నిసార్లు మోగిందో.

"చేతులు ఖాళీ లేవండీ" అన్నాను, నవ్వు ఇంకా ఆగలేదు.

ఆయన నన్ను చూశాడు, నా చేతిలో పసుపు ముక్క చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, కొత్త గుడ్డ తాను విప్పినప్పటి చూపు. పక్క అరుగు మీద గొడుగు కింద పర్లేదండీ గారు ఉన్నారు, ఎప్పుడొచ్చారో, ఆయన చేతిలో బూట్లు పెట్టేసి నా పక్కకి వచ్చి ఆ ముక్క తీసుకుని పిండాడు. "చౌక రకం ఫోము. నీళ్ళు తాగిందంటే రాయే. లాగితే చిరుగుతుంది, ఎంతమంది లాగినా అంతే. లాగకండి." ఆ ఆఖరి మాట వీధి మొత్తానికి. "మీరు అటు మూల మీద మోకాలు పెట్టి అణచండి, మీరు ఇటు. నీళ్ళు పిండేస్తే సగమవుతుంది, అప్పుడు చాపలా చుట్టాలి. నువ్వు ఆ అంచు పట్టుకో." ఆయన నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత, అడగకుండా, ఎవరూ బతిమాలకుండా కూర్చున్నాడు, కూర్చున్నట్టు తనకే తెలిసినట్టు లేదు, చేతులు నీళ్ళ కింద ఫోము అంచులు వెతుక్కుంటున్నాయి, కళ్ళు మూసుకుని చేతుల్తో చూస్తున్నాడు. "ఇప్పుడు చుట్టండి. ఇటు. ఇంకా. ఊఁ." ఆ మెత్త చుట్ట చుట్టుకుని పైకి లేచింది, జాలీ కింద నుంచి పెద్ద గుటక చప్పుడొచ్చింది, భూమి దాహంతో తాగుతున్నట్టు, అందరి కాళ్ళ మధ్యా నీళ్ళు ఒక్కసారి కదిలి సుడి తిరిగాయి. ఈల మేడం పొడుగ్గా ఈల ఊదింది. మందుల షాపాయన మా ఆయన వీపు చరిచాడు. ఆయన మాత్రం ఆ చుట్ట చంకలో పెట్టుకుని, కుట్లు చూస్తూ, "ఇది కుట్టినవాణ్ణి పిలిచి మాట్లాడాలి" అన్నాడు.

తిరిగొచ్చేసరికి మూడో మెట్టు తేలింది, రెండోది తేలుతోంది. మెట్ల మీద బురద గుర్తు మూడో దాని అంచు దగ్గర గీత గీసినట్టుంది. ఆయన వంగి ఆ గీత మీద వేలు పెట్టి, పైన బురద అంటని రెండు మెట్లు చూసి, గుమ్మం చూసి, కళ్ళజోళ్ళాయన అన్నట్టు మెట్ల దాకానే అన్నమాట అని తనలో తను అనుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు. "రెండని నిజమే చెప్పావు." అంతే అన్నాడు. అప్పుడు చెప్పాను, మేడ మీద గది ఉంది, చూడలేదు మీరు, చూసి రండి, చూశాక వద్దంటే వద్దు. తడి పాదాల గుర్తులు వేసుకుంటూ ఎక్కాడు. నేను వెళ్ళలేదు. కింద నిలబడి విన్నాను, కిటికీ ఒక రెక్క తీసిన చప్పుడు, రెండో రెక్క తీసిన చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వీధిలో నీళ్ళు గలగలా దిగువకి పోతున్నాయి, నా బూట్లలోంచి ఒక్కో బొట్టూ కారుతోంది, ఆ కాసేపట్లో నేను ఏ లెక్కా వెయ్యలేదు, ఏ ఆశా పడలేదు, ఆయన ఆ వెలుతుర్లో నిలబడి ఉన్నాడన్న సంగతి ఒక్కటే నా ఒళ్ళంతా నిండి ఉంది.

దిగొచ్చి మెట్టు మీద కూర్చుని ప్యాంటు పిండుకున్నాడు. "మిషను పైన పెడదాం."

"మరి సోఫాలు ఎలా ఎక్కిస్తారు?"

"కిటికీలోంచి తాడు కట్టి లాగుతాను, పెద్ద కిటికీయే. బట్ట బేళ్ళూ, కాగితాలూ, బీరువా, అన్నీ పైనే. స్విచ్చులు ఎత్తు చేయించాలి. బీమా కడదాం, అమ్మాయి గెలిచిందని చెప్పకు."

"మరి కింద ఏముంటుంది?"

"మనం ఉంటాం. మిషనుకి కాళ్ళున్నాయి గాని నడవలేదు. మనం నడుస్తాం కదా, నీళ్ళొస్తే పైకి నడుద్దాం." ప్యాంటు రెండో కాలు పిండుతూ, "వస్తాయి. ఎప్పుడో ఒకసారి గుమ్మం కూడా దాటతాయి. అది తెలిసే తీసుకుంటున్నాం, తర్వాత నన్ను అనకు" అన్నాడు. ఎవరు ఎవర్ని అన్నారో ఇన్నేళ్ళూ, నేను నవ్వు దాచుకోవడానికి జుట్టు పిండుకున్నాను. అరుగు మీంచి బూట్లు పట్టుకుని పర్లేదండీ గారు గేటు దాకా వచ్చి నిలబడ్డారు, ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఏడాదిన్నరలో మొదటిసారి ఆయన ఆ మాటని ప్రశ్నగా అడిగారు. "పర్లేదాండీ?"

"పర్లేదండీ" అన్నాడు మా ఆయన.

పర్లేదండీ గారు ఫోను తీసి కళ్ళజోళ్ళాయనకి కలుపుతూ పక్కకి వెళ్ళారు. ఈల మేడం టోపీ తీసి నీళ్ళు దులుపుకుంటూ మా గేటు ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. ఈ వీధిలో వాన రోజున జాలీ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, ఇంటికో రోజు వంతు వేసుకున్నాం, ఈ ఇంటాయనది గురువారం, ఆయన సామాను సర్దుకోవడంలో పడి నెలగా రావడం లేదు, ఈ రోజు గురువారమే, అందుకే ఇంత దాకా వచ్చింది అని చెప్పింది. మా ఆయన లేచి నిలబడి, మడిచిన ప్యాంటు కిందకి దించుకుని, దర్జీ కొలత తీసుకునేముందు నిలబడేటంత మర్యాదగా నిలబడ్డాడు.

"గురువారం నాకు వీలేనండీ. కర్ర మేమే తెచ్చుకోవాలా, మీరిస్తారా?"

"కర్ర ఇంటితోపాటు వస్తుంది. మెట్ల పక్కన చూడండి."

ఆయన వంగి, గోడకీ మెట్లకీ మధ్య సందులోంచి పొడుగాటి కర్ర ఒకటి బయటికి లాగాడు. దాన్ని చేతిలో ఎత్తి చూశాడు, కొక్కెం వంపు వేలితో తడిమాడు, నేల మీద ఒకసారి ఆనించి ఎత్తు సరిచూసుకున్నాడు.

"నా ఎత్తుకి కాస్త పొట్టి" అన్నాడు. "పర్లేదు, ఇంకొకటి చేయిస్తాను."